స్టూడియో మూసుకుపోతే నింద తెలుగు అక్షరాల మీద పడింది

పర్లాకిమిడిలో మా ఇంట్లోనే కూర్చుని ఆండ్రాయిడ్ యాప్‌లు రాస్తుంటాను. మిగతా టీమ్ విశాఖలో ఉంటుంది. కిందటి వేసవిలో మా చేతిలో ఉన్న పని హోల్‌సేల్ కిరాణా కొట్లకి అప్పు ఖాతాల యాప్. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు మా ఊరు ఇటు వచ్చింది, చుట్టాలూ బేరాలూ సగం అటే ఉండిపోయాయి. ఇక్కడి కొట్టులో పద్దు రాసే గుమస్తా ఒడియాలో రాస్తాడు, పాతపట్నం నుంచి సరుక్కి వచ్చే చిల్లర కొట్టువాళ్లు తెలుగులో చూసుకుంటారు. అందుకే యాప్ మొదటి రోజు నుంచే ఒడియా, తెలుగు, ఇంగ్లీష్ మూడింటిలో ఉండాలని పట్టుబట్టింది నేనే. బజార్లో మా మొదటి కస్టమర్, నేను మావయ్యా అని పిలిచే పెద్దాయన, పాత వెర్షన్ చూసి అడిగిన మొదటి మాట, "ఏటి బావూ, ఇందులో తెలుగు రాదేటి?" అని.

సరిగ్గా ఆ పని నడుస్తున్నప్పుడే ఆండ్రాయిడ్ స్టూడియో (యాప్‌లు రాసుకునే ప్రోగ్రామ్) నా లాప్‌టాప్‌లో ఉన్నట్టుండి మూసుకుపోవడం మొదలైంది. మొదట వచ్చిన క్రాష్‌లు ఒక రకం, తర్వాత వచ్చినవి ఇంకో రకం. రెండింటికీ కారణాలు వేరు. బయటికి మాత్రం రెండూ ఒకేలా కనపడతాయి. విండో మాయమవుతుంది, అంతే. ఇలాంటప్పుడు చాలామంది చేసే పని తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం. మా టీమ్ లీడ్ అన్న కూడా ఫోన్‌లో అదే అన్నాడు, "ఒకసారి అన్‌ఇన్‌స్టాల్ చేసి ఫ్రెష్‌గా వెయ్యరా, పోతుంది" అని. నేను ఒప్పుకోలేదు. మా ఇంటి నెట్ మీద స్టూడియో, ఎస్‌డీకే (యాప్ తయారీకి కావలసిన సరంజామా), ఎమ్యులేటర్ (కంప్యూటర్‌లోనే నడిచే ఉత్తుత్తి ఫోన్) ఇమేజ్‌లు అన్నీ మళ్లీ దించుకోవాలంటే ఒక పూట పోతుంది. పైగా క్రాష్ వదిలి వెళ్లిన ఆనవాళ్లు కూడా దాంతోపాటే చెరిగిపోవచ్చు.

ఆ ఆనవాళ్లు ఎక్కడుంటాయో చెప్తాను. స్టూడియో ఇంటెల్లిజే ప్లాట్‌ఫామ్ మీద కట్టింది, అంటే అది నడిచేది జావా ప్రోగ్రామ్‌లని నడిపే సాఫ్ట్‌వేర్ అయిన జావా వర్చువల్ మెషీన్ మీద. ఆ మెషీనే కుప్పకూలితే పోతూపోతూ ఒక ఫైలు రాసి పోతుంది. విండోస్‌లో అయితే మన యూజర్ ఫోల్డర్‌లో "జావా ఎర్రర్ ఇన్ స్టూడియో" అని మొదలై, చివర ప్రాసెస్ నంబరు ఉన్న లాగ్ ఫైలు కనపడుతుంది. మామూలు లాగ్ ఇంకొకటి ఉంటుంది, హెల్ప్ మెనూలో షో లాగ్ నొక్కితే దాని ఫోల్డర్ తెరుచుకుంటుంది. క్రాష్ అయిన టైమ్ గుర్తు పెట్టుకుని ఈ రెండూ పక్కపక్కన తెరిస్తే సగం సంగతి అక్కడే తెలుస్తుంది.

మొదటి రకం ఫైల్లో పై వరుసలోనే రాసి ఉంది: జావా రన్‌టైమ్ ముందుకు నడవడానికి సరిపడా మెమరీ లేదు, సిస్టమ్‌ని అడిగితే ఇవ్వలేదు అని. ఇందులో దాచిందేమీ లేదు. నాది అప్పటికి 8 జీబీ ర్యామ్ ఉన్న లాప్‌టాప్. స్టూడియో హీప్‌కి (ప్రోగ్రామ్ తన డేటా పెట్టుకునే మెమరీకి) 2 జీబీ, ప్రాజెక్ట్‌తోపాటు వచ్చే గ్రేడిల్ సెట్టింగ్‌లో గ్రేడిల్‌కి (కోడ్‌ని యాప్‌గా బిల్డ్ చేసే టూల్‌కి) ఇంకో 2 జీబీ, కోట్లిన్ కంపైలర్ డీమన్ (వెనకాల నడుస్తూ ఉండే ప్రాసెస్) వేరే, ఎమ్యులేటర్ వేరే, పైన బ్రౌజర్. హీప్ అని మనం రాసే అంకె గరిష్ఠ హీప్ మాత్రమే. క్లాసుల సమాచారం, థ్రెడ్ స్టాక్‌లు, కంపైల్ అయిన కోడ్ దాని బయట ఇంకా చోటు తింటాయి. ఇక్కడ చాలామంది హీప్ పెంచుతారు. ఉన్నదే 8 జీబీ అయినప్పుడు స్టూడియోకి ఇంకా రాసిస్తే మిగతావాటికి ఇంకా కరువవుతుంది.

టాస్క్ మేనేజర్‌లో చూస్తే గ్రేడిల్ డీమన్‌లు రెండు కూర్చుని ఉన్నాయి. టెర్మినల్ నుంచి బిల్డ్ చేసినప్పుడు ఒక జేడీకే (జావా కిట్), స్టూడియో లోపల నుంచి చేసినప్పుడు దానితో వచ్చిన జేడీకే వాడుతోంది. జావా వేరైతే గ్రేడిల్ పాత డీమన్‌ని వాడుకోదు, కొత్తది లేపుతుంది. పనిలేని డీమన్ మామూలుగా 3 గంటలు అలాగే ఉండి అప్పుడు పోతుంది. జావా ఎక్కడుందో చెప్పే జావా హోమ్ సెట్టింగ్‌ని స్టూడియో జేడీకే వైపు తిప్పాను, ఎమ్యులేటర్ మానేసి ఫోన్‌ని కేబుల్‌తో పెట్టుకున్నాను, ర్యామ్ చాలనప్పుడు డిస్క్ మీద వాడే పేజ్ ఫైల్ సైజు విండోస్‌కే వదిలేశాను. మూసుకుపోవడం బాగా తగ్గింది. కానీ రకరకాల స్క్రీన్ సైజులు చూడాలంటే ఎమ్యులేటర్ లేకుండా కుదరదు. ర్యామ్ పెట్టే రెండో స్లాట్ ఖాళీగానే ఉంది కాబట్టి బరంపురంలో ఒక కొట్టు నుంచి ఇంకో 8 జీబీ స్టిక్ తెప్పించి వేశాను. స్టూడియో, ఎమ్యులేటర్, బిల్డ్ మూడూ ఒకేసారి హాయిగా నడిచాయి.

కొన్నాళ్లకి రెండో రకం మొదలైంది. ఈసారి లాగ్‌లో మెమరీ చాలలేదన్న మాటే లేదు. ఫ్రీ మెమరీ బోలెడంత కనపడుతోంది. దాని బదులు ఎక్సెప్షన్ యాక్సెస్ వయొలేషన్. అంటే ప్రోగ్రామ్ తనది కాని చిరునామాలో చెయ్యి పెట్టబోయింది, విండోస్ ఆపేసింది. దాని కింద "ప్రాబ్లమాటిక్ ఫ్రేమ్" అని ఒక వరుస ఉంటుంది. ఏ కోడ్ నడుస్తుండగా పడిపోయిందో అది చెప్తుంది. మొదటి రిపోర్టులో ఆ ఫ్రేమ్ ఫాంట్ మేనేజర్ లైబ్రరీలో ఉంది. క్రాష్ అయినప్పుడు తెర మీద తెరిచి ఉన్నది తెలుగు మాటలు ఉన్న స్ట్రింగ్స్ ఫైలు.

ఇంకేముంది, టీమ్ కాల్‌లో తీర్పు అయిపోయింది. "తెలుగు ఫాంటే రా సమస్య. ఆ తెలుగు, ఒడియా ఫైళ్లు పక్కన పెట్టేయ్, ఇంగ్లీష్‌తో డెమో ఇచ్చేద్దాం, తర్వాత చూద్దాం" అన్నాడు అన్న. ఆయన్ని తప్పు పట్టలేను. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లలో జరిగింది అందరికీ గుర్తుంది. జ్ఞా అనే అక్షరం ఒక ప్రత్యేకమైన కూర్పులో మెసేజ్‌గా వస్తే యాప్ మూసుకుపోయేది, ఆపిల్ ఐఓఎస్ 11.2.6 ఇచ్చి దాన్ని సరిచేసింది. తెలుగు ఒత్తులు, గుణింతాలు ఒకదాని మీద ఒకటి పేర్చి చూపించడం ఫాంట్ సాఫ్ట్‌వేర్‌కి నిజంగానే కష్టమైన పని. అనుమానం రావడంలో వింత లేదు.

కానీ అనుమానం మీద తెలుగు తీసేయడం నాకు మనస్కరించలేదు. గిడుగు రామమూర్తి పంతులు గారు బడిలో పాఠాలు చెప్పిన ఊరు మాది. జనం మాట్లాడే తెలుగు పుస్తకంలోకి రావాలని ఆయన పోరాడారు. ఇక్కడి కొట్టుకి చేసే యాప్‌లోంచి, రుజువు లేకుండా, తెలుగుని ముందు తీసేయడమా? "తర్వాత చూద్దాం" అని పక్కన పెట్టిన భాష మళ్లీ వెనక్కి రాదని నా నమ్మకం. రెండు రోజులు టైమ్ ఇవ్వన్నా, తెలుగుదే తప్పని తేలితే నేనే తీసేస్తాను అన్నాను. సరేనన్నాడు.

ముందు తేలిక పరీక్ష. అదే స్టూడియో వెర్షన్, అదే రిపాజిటరీ (మా కోడ్ దాచుకునే చోటు), అదే తెలుగు ఫైలు విశాఖలో ఒక తమ్ముడి మెషీన్‌లో తెరిపించాను. పైకీ కిందకీ ఎంతసేపు తిప్పినా ఏమీ కాలేదు. ఇటు నా దగ్గర ఇంగ్లీష్ తప్ప ఇంకేమీ లేని ఖాళీ ప్రాజెక్ట్ ఒకటి సృష్టించి బిల్డ్ మీద బిల్డ్ నడిపించాను. కాసేపటికి అది కూడా పడిపోయింది. తెలుగు మీద అనుమానం సగానికి పైగా అక్కడే పోయింది.

అసలు సంగతి రిపోర్టులన్నీ వరుసగా పెట్టి చదివినప్పుడు తెలిసింది. ప్రాబ్లమాటిక్ ఫ్రేమ్ వరుసలో మొదట ఒక ఇంగ్లీష్ అక్షరం ఉంటుంది. సి అంటే నేటివ్ కోడ్, వి అంటే వర్చువల్ మెషీన్ సొంత కోడ్, పెద్ద జె అంటే కంపైల్ అయిన జావా కోడ్, చిన్న జె అంటే ఇంకా కంపైల్ కాకుండా నడుస్తున్న జావా కోడ్. నా మొదటి రిపోర్టులో సి, ఫాంట్ లైబ్రరీ. తర్వాతి దాంట్లో వి, అప్పుడు నడుస్తున్నది చెత్త ఏరే థ్రెడ్, అంటే గార్బేజ్ కలెక్టర్. ఆ తర్వాత పెద్ద జె, ఫైళ్ల పేర్లు వెతికే ఏదో మామూలు మెథడ్. మళ్లీ వి, మళ్లీ గార్బేజ్ కలెక్టరే, కానీ వేరే చోట. గ్రేడిల్ డీమన్ కూడా ఒకసారి ఇలాగే పడి తన రిపోర్టు ప్రాజెక్ట్ ఫోల్డర్‌లో రాసి పెట్టింది. దాని ఫ్రేమ్ ఇంకెక్కడో ఉంది.

సాఫ్ట్‌వేర్‌లో బగ్ ఉంటే అది ఉన్నచోటే ఉంటుంది. ఎన్నిసార్లు పడ్డా చాలావరకు ఆ ఫ్రేమ్‌కో, దాని చుట్టుపక్కలకో వేలు చూపిస్తుంది. ప్లగిన్ (స్టూడియోకి తగిలించుకునే అదనపు టూల్) తప్పయితే స్టాక్‌లో, అంటే పడినప్పుడు నడుస్తున్న కోడ్ జాబితాలో, ప్లగిన్ పేరు మళ్లీ మళ్లీ కనపడుతుంది. నాకు వచ్చినవాటిలో ఒకదానికీ ఇంకోదానికీ పొంతన లేదు, పైగా రెండు వేర్వేరు ప్రోగ్రామ్‌లు పడుతున్నాయి. అలాంటప్పుడు చూడాల్సింది కోడ్ కింద ఉన్న ఇనుముని. ర్యామ్‌లో ఒక్క బిట్ తారుమారైతే ఏమవుతుందంటే, మావయ్య ఖాతా పుస్తకంలో ఎవరో ఒక 1ని 7గా దిద్దినట్టు. కూడిక చేసే గుమస్తా ఏ తప్పూ చేయడు, అయినా మొత్తం తప్పొస్తుంది. గార్బేజ్ కలెక్టర్ ఎక్కువసార్లు కనపడటానికి కారణం కూడా ఇదే. మెమరీలో ఉన్న ప్రతి వస్తువు దగ్గరికీ చిరునామా పట్టుకుని వెళ్లి చూసే పని దానిది. ఆ చిరునామాల్లో ఒకటి చెడిపోయి ఉంటే, లేని ఇంటికి వెళ్లి పడేది ముందు అదే.

మధ్యలో వేరే అనుమానాలూ చూశాను. అవి తొందరగానే తేలిపోయాయి. ప్లగిన్లన్నీ ఆపినా పడింది. క్యాష్ (స్టూడియో దాచుకునే తాత్కాలిక ఫైళ్లు) ఇన్‌వాలిడేట్ చేసినా పడింది. కరెంటు మీద మా ఇంట్లో ఎప్పుడూ అనుమానమే. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను గజపతి జిల్లాని ఊడ్చేశాక, కరెంటు మళ్లీ నిలకడగా వచ్చేదాకా పడ్డ పాట్లు చూసి ఇన్వర్టర్ పెట్టించాం. కానీ లాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంది, కరెంటు పోయి రావడం దానికి తెలియదు. విండోస్‌లో రిలయబిలిటీ మానిటర్ అని ఒకటుంది, ఏ రోజు ఏ ప్రోగ్రామ్ పడిందో క్యాలెండర్‌లా చూపిస్తుంది. ఈ రెండో రకం క్రాష్‌ల ఎర్ర గుర్తులన్నీ కొత్త స్టిక్ వేసిన తర్వాతి తేదీల్లోనే ఉన్నాయి. బ్రౌజర్ ట్యాబ్‌లు పడటం కూడా అందులో కలిసి ఉంది. అప్పటిదాకా దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

అప్పుడు ఒక పని చేశాను, ఇది ఎవరైనా చేయొచ్చు. డౌన్‌లోడ్ చేసి ఉంచిన పెద్ద ఎమ్యులేటర్ ఇమేజ్ జిప్ ఫైలు ఒకటుంది. విండోస్‌లోనే ఉండే సర్ట్‌యుటిల్ కమాండ్‌తో దాని హాష్ తీశాను. హాష్ అంటే ఫైల్లో ఉన్నదాన్నంతా లెక్కకట్టి తీసే వేలిముద్ర లాంటిది, ఫైలు మారకపోతే అదీ మారదు. ఎమ్యులేటర్ లేపి, బిల్డ్ నడిపించి, మెమరీ బాగా నిండాక అదే ఫైలుకి మళ్లీ తీశాను. ఫైలు ముట్టుకోలేదు, దాని తేదీ మారలేదు, సైజు మారలేదు. రెండు హాష్‌లూ కలవలేదు. ఒకదాని కింద ఒకటి పెట్టి మొదటి అక్షరం నుంచి చివరిదాకా చూసుకున్నాను. ఇందులో తెలుగు లేదు, ఫాంట్ లేదు, స్టూడియో లేదు. ఆ స్క్రీన్ ఫొటో తీసి టీమ్ గ్రూప్‌లో పెట్టాను. అన్న వెంటనే ఫోన్ చేసి, "తెలుగు ఫైళ్లు అలాగే ఉంచు" అన్నాడు. నాకు అది చాలు.

ర్యామ్‌ని పరీక్షించడంలో ఒక మెలిక ఉంది. విండోస్‌తో వచ్చే మెమరీ డయాగ్నస్టిక్ మామూలు పద్ధతిలో నడిపితే లోపమేమీ లేదంది. దాంతో ఆగకూడదు. అందులో ఎఫ్1 నొక్కితే ఎక్స్‌టెండెడ్ పరీక్ష ఉంటుంది. నేను మెమ్‌టెస్ట్86 ప్లస్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసుకున్నాను. అది విండోస్ లేకుండా నేరుగా బూట్ అవుతుంది కాబట్టి దాదాపు మెమరీ అంతా తడిమి చూస్తుంది. నా మెషీన్‌లో దీనికోసం సెక్యూర్ బూట్ (సంతకం లేని సాఫ్ట్‌వేర్‌ని బూట్ కానివ్వని రక్షణ) ఆపాల్సి వచ్చింది. అలా ఆపే ముందు డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ రికవరీ కీ, ఆ 48 అంకెలు, కాగితం మీద రాసి పెట్టుకోండి. లేదంటే తిరిగి విండోస్‌లోకి వచ్చేటప్పుడు అది కీ అడుగుతుంది, మీ దగ్గర ఉండదు, అసలు సమస్య కంటే పెద్ద టెన్షన్ మొదలవుతుంది.

పొద్దున చల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టిన పాస్ (ఒక పూర్తి విడత) శుభ్రంగా పోయింది. పరీక్షని ఆపకుండా వదిలేశాను. మధ్యాహ్నం, మే నెల ఎండ, గదిలో ఫ్యాన్ తప్ప ఏమీ లేదు, లాప్‌టాప్ అడుగు చెయ్యి పెట్టలేనంత వేడి. అప్పుడు ఎర్ర వరుసలు మొదలయ్యాయి. ప్రతి వరుసలో చిరునామా, ఉండాల్సిన విలువ, దొరికిన విలువ. పక్కపక్కన చూస్తే అంతా ఒకటే, ఒక్క అంకె తేడా. కింద వరుసలోనూ అదే స్థానంలో అదే తేడా. వేడెక్కితేనే జారిపోయే బిట్ అది. మధ్యాహ్నం క్రాష్‌లు ఎక్కువ, రాత్రి తక్కువ ఎందుకో కూడా దీంతో అర్థమైంది.

ఇంత తెలిశాక కూడా కొత్త స్టిక్‌దే తప్పు అనేయలేం. స్లాట్ కావచ్చు, రెండూ కలిసి పొసగకపోవచ్చు. ఛార్జర్ తీసి, బ్యాటరీ కనెక్టర్ ఊడదీసి, చేతిని లోహానికి తాకించుకుని అడుగు మూత తెరిచాను. పాత స్టిక్ ఒక్కటే మొదటి స్లాట్‌లో, తర్వాత రెండో స్లాట్‌లో. రెండుచోట్లా ఎంత వేడిలోనూ శుభ్రం. కొత్త స్టిక్ ఒక్కటే అలాగే రెండుచోట్లా. రెండుచోట్లా ఎర్ర వరుసలు. లోపం స్టిక్‌తో పాటే నడిచి వెళ్తోంది. ఇక సందేహం లేదు.

చాలామంది ఇక్కడితో పని అయిపోయిందనుకుంటారు. చెడ్డ స్టిక్ తీసేసినా అది ఉన్నన్నాళ్లు డిస్క్ మీద రాయించిన చెత్త అలాగే ఉంటుంది. నా గ్రేడిల్ క్యాష్‌లో ఒక జార్ ఫైలు (జావా కోడ్ మూట) తెరుచుకోవడం లేదు, సీఆర్‌సీ (ఫైలు చెడిందో లేదో చూసే లెక్క) కలవడం లేదని ఎర్రర్. మంచి ర్యామ్‌తో కూడా అదే ఎర్రర్, ఎందుకంటే ఆ ఫైలు చెడిపోయి సేవ్ అయింది. గ్రేడిల్ క్యాష్ ఫోల్డర్ మొత్తం తీసేశాను, స్టూడియో క్యాష్, ఇండెక్స్‌లు తీసేశాను, ఎమ్యులేటర్ ఇమేజ్ మళ్లీ దించాను. మొదట ఏ డౌన్‌లోడ్ వద్దనుకున్నానో అది ఇప్పుడు తప్పలేదు, కాకపోతే ఎందుకు చేస్తున్నానో తెలిసి చేశాను.

అన్నిటికంటే భయపడింది సోర్స్ కోడ్ గురించి. కోడ్ మార్పులన్నీ దాచే గిట్ ప్రతి వస్తువునీ దాని హాష్ పేరుతో దాచుకుంటుంది కాబట్టి, చెడిపోతే పట్టుకునే దారి ఉంది. ఫుల్ అని చెప్పి గిట్ ఎఫ్‌ఎస్‌సీకే (దాచినవన్నీ సరిగా ఉన్నాయో చూసే కమాండ్) నడిపించాను. లోకల్ రిపాజిటరీలో ఒక పాత ఆబ్జెక్ట్ పాడైందంది. సర్వర్‌లో ఉన్న కాపీని విశాఖ తమ్ముడు తన దగ్గర పరీక్షించాడు, అది శుభ్రం. దాన్నే మళ్లీ క్లోన్ చేసుకున్నాను. అయితే హాష్ కట్టకముందే మెమరీలో అక్షరం మారి ఉంటే గిట్‌కి కూడా తెలియదు. అందుకని ఆ వారాల్లో నేను చేసిన కమిట్ల (గిట్‌లో దాచిన మార్పుల) తేడాలన్నీ కూర్చుని కళ్లతో చదివాను. తెలుగు, ఒడియా స్ట్రింగ్స్ ఫైళ్లయితే ఒక్కో వరుస గట్టిగా చదువుకున్నాను, గుణింతం మారినా కొట్టులో బాకీ కాస్తా బాకా అయిపోతుంది. ఏదీ చెడలేదు.

స్టిక్‌ని మెమ్‌టెస్ట్ ఫొటోలతో పాటు వారంటీకి పంపాను. ఎర్ర వరుసల ఫొటో చూపిస్తే కొట్టువాళ్లు ఇంకేమీ అడగలేదు. మార్చిన స్టిక్ వచ్చేదాకా 8 జీబీతోనే, ఒకే గ్రేడిల్ డీమన్‌తో, ఫోన్ కేబుల్‌తో పని నడిపాను. మొదటి రకం క్రాష్‌కి చేసిన సర్దుబాట్లు అప్పుడు అక్కరకొచ్చాయి. కొత్తది రాగానే స్టూడియో తెరవకుండా ముందు మెమ్‌టెస్ట్ పెట్టాను, అదీ మధ్యాహ్నమే, లాప్‌టాప్ వేడెక్కేదాకా. శుభ్రంగా పోయాక మూత బిగించాను. డెమో మూడు భాషల్లోనూ ఇచ్చాం. మావయ్య తెలుగు స్క్రీన్‌లో తన కొట్టు పేరు చూసుకుని, కింద బాకీల వరుసలో అక్షరాలు ఇంకాస్త పెద్దవి చేయమన్నాడు, ఆ మార్పు మీద ఉన్నాను.